సముద్రపు ఒడ్డున పెద్దల నివాసం: చేరేముందు, చూడబోయినప్పుడు తెలుసుకోవలసినవి



ఉద్యోగ విరమణ తరువాత సముద్రపు ఒడ్డున ప్రశాంతంగా కాలం గడపాలని కోరుకునేవారు మన కోస్తా జిల్లాలలో చాలామంది ఉన్నారు. విశాఖపట్నంలో స్టీల్ ప్లాంటు, పోర్టు, రైల్వే, నేవీలలో పనిచేసి రిటైరైన వారికి ఆ ఊరు విడిచి వెళ్ళాలనిపించదు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో స్థిరపడి ఉంటారు. అందువలన విశాఖ, భీమిలి, కాకినాడ, మచిలీపట్నం, బాపట్ల వంటి తీరపు ఊళ్ళలో పెద్దల కోసం నడిపే నివాసాల గురించి మా ఆసుపత్రికి వచ్చే కుటుంబాలు తరచుగా అడుగుతున్నాయి. "అక్కడ గాలి మంచిదట కదా సిస్టరమ్మా, నాన్నగారిని చేర్పించవచ్చా?" అన్నది మాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న.

గాలి మంచిదే. కాని పెద్దవారి ఆరోగ్యాన్ని కాపాడేది గాలి ఒక్కటే కాదు. రాత్రి రెండు గంటలకు పిలిస్తే పలికే మనిషి, జారని గచ్చు, వేళకు అందే మందు, మే నెలలో తాగించే నీళ్ళు, తుఫాను రోజున పనిచేసే ఏర్పాటు కావాలి. ఇవి ఉంటే సముద్రపు ఒడ్డు నిజంగా విశ్రాంతి. ఇవి లేకపోతే ఆ ఒడ్డే ప్రమాదం. ఈ నెల పాఠంలో పెద్దలు అటువంటి చోట చేరేముందు ఏమి చూడాలో, అక్కడ ఉన్నవారిని చూడబోయినప్పుడు ఏమి గమనించాలో తెలుసుకుందాం.

1. నివాసాలలో మూడు రకాలు

మొదటిది, దిక్కులేని పెద్దల కోసం దాతల సహాయంతోనో, ప్రభుత్వ సహాయంతోనో నడిచే ఉచిత వృద్ధాశ్రమం. రెండవది, నెలకు ఇంత అని తీసుకుని గది, భోజనం ఇచ్చే ఆశ్రమం. మూడవది, పెద్దల కోసమే కట్టిన అపార్టుమెంట్లు లేదా చిన్న ఇళ్ళు. ఇక్కడ ఇల్లు కొనుక్కుంటారు, లేదా డిపాజిట్ కట్టి ఉంటారు. భోజనశాల, తోట, లిఫ్టు వంటివి అందరికీ ఉమ్మడిగా ఉంటాయి.

మూడింటిలోను అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న ఒకటే: "మనిషి మంచం పడితే ఇక్కడ ఉంచుకుంటారా?" చాలా చోట్ల తన పని తాను చేసుకోగలిగిన వారినే చేర్చుకుంటారు. పక్షవాతం వచ్చినా, మతిమరుపు జబ్బు ముదిరినా, తుంటి ఎముక విరిగినా "తీసుకు వెళ్ళండి" అని కబురు వస్తుంది. అప్పటికి సొంత ఇల్లు అమ్మివేసి ఉంటే ఆ కుటుంబం పడే ఇబ్బంది అంతా ఇంతా కాదు. పెద్ద అపార్టుమెంట్లలో కట్టించుకునే మెయింటెనెన్సు డబ్బులో నర్సింగు సేవ కలిసి ఉందో లేదో కూడా కాగితం చూసి తెలుసుకోవాలి. మంచం దగ్గర ఉండే ఆయాకు, రాత్రి మనిషికి వేరుగా కట్టవలసి రావచ్చు.

2. చేరేముందు పదిహేను రోజులు ఉండి చూడండి

సంక్రాంతి రోజులలో చల్లగా, ఆహ్లాదంగా ఉన్నప్పుడు ఒక పూట చూసి డబ్బు కట్టవద్దు. వీలైతే మే నెలలో చూడండి. లేదా వానలు, తుఫానుల కాలమైన అక్టోబరు, నవంబరులలో చూడండి. కట్టబోయే ముందు అతిథిగా కనీసం పదిహేను రోజులు ఉంటామని అడగండి. చాలా చోట్ల ఒప్పుకుంటారు. ఆ పదిహేను రోజులలో ఈ సంగతులు తెలుసుకోండి.

అ) రాత్రి ఎవరు ఉంటారు? పగలు నలుగురు ఆయాలు ఉండి రాత్రి వాచ్‌మెన్ ఒక్కడే ఉంటే అది చాలదు. మంచం దగ్గర, స్నానాలగదిలో పిలుపు గంట ఉందా? ఒక రాత్రి నొక్కి చూడండి. మనిషి రావడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకోండి.

ఆ) ఆసుపత్రికి ఎంతసేపు? కిలోమీటర్లు అడగవద్దు, నిమిషాలు అడగండి. బీచ్ రోడ్డు మీద ఆదివారం సాయంత్రం పట్టే సమయం వేరు, తెల్లవారుజామున పట్టే సమయం వేరు. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. తలకు స్కానింగు తీసే ఆసుపత్రి ఏదో, అది ఎంత దూరమో ముందే తెలిసి ఉండాలి.

ఇ) స్నానాలగది ఎలా ఉంది? గచ్చు తడిసినప్పుడు జారుతుందా, పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయా, తలుపు బయటినుండి తెరవడానికి వీలవుతుందా చూడండి. లోపల గొళ్ళెం పెట్టుకుని పడిపోయిన వారిని తలుపు పగలగొట్టి తేవలసి వచ్చిన సంగతులు మేము చూశాము.

ఈ) మందులు ఎవరు ఇస్తారు? రాసిపెట్టే పుస్తకం ఉందా? ఇన్సులిన్ ఇవ్వడం వచ్చిన నర్సు రోజూ ఉంటుందా?

ఉ) డిపాజిట్ ఎంత తిరిగి ఇస్తారు, ఎన్ని రోజులలో ఇస్తారు, దంపతులలో ఒకరు పోతే రెండవవారి సంగతి ఏమిటి, ఏటా ఎంత పెంచుతారు? ఇవన్నీ కాగితం మీద ఉండాలి. నోటిమాట పనికిరాదు. పెద్దల కోసం కట్టే విశ్రాంత గృహాలలో ఉండవలసిన సౌకర్యాల గురించి, కొనేవారి రక్షణ గురించి కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇల్లు కొనేవారు తెలిసిన న్యాయవాదికి చూపించి సంతకం చేయడం మంచిది.

ఊ) అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ ఉండబోయే పెద్దవారికి అది ఇష్టమా? "నాలుగు రోజులు గాలి మార్పు కోసం వెళ్దాం అమ్మా" అని చెప్పి తీసుకువచ్చి, అక్కడే వదిలి వెళ్ళినవారు ఉన్నారు. అటువంటి ఒక అమ్మ ఆరు వారాల పాటు రోజూ ఉదయం బట్టలు సంచిలో సర్దుకుని గేటు దగ్గర కూర్చునేది. అన్నం తగ్గించింది, నిద్ర పోలేదు, బరువు తగ్గింది. మాత్రలతో ఆమె కోలుకోలేదు. కొడుకు వచ్చి, ఉన్న సంగతి దాచకుండా చెప్పి, నెలకొకసారి వస్తానని మాట ఇచ్చి, ఆ మాట నిలుపుకున్న తరువాతే తిన్నది. పెద్దవారికి నిజం చెప్పడం వారి ఆరోగ్యంలో ఒక భాగం అని మరువరాదు.

3. ఉప్పుగాలి చేసే పని

సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంటిలో ఇనుము ఏదైనా త్వరగా తుప్పు పడుతుంది. కిటికీ చువ్వలు తుప్పు పడితే మనకు కనిపిస్తుంది. స్నానాలగదిలో గోడకు బిగించిన కమ్మీ లోపలి మేకులు తుప్పు పడితే కనిపించదు. పెద్దవారు బరువు వేసినప్పుడు కమ్మీ ఊడి వస్తుంది. అందుచేత వెళ్ళినప్పుడల్లా కమ్మీని గట్టిగా లాగి చూడండి. వాకర్ కాళ్ళ కింద రబ్బరు బుడిపెలు, చక్రాల కుర్చీ బ్రేకులు, కమోడ్ కుర్చీ అతుకులు చూడండి. కొనేటప్పుడు ఇనుముకు బదులు అల్యూమినియం లేదా మంచి స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకుంటే ఎక్కువ కాలం వస్తుంది.

చెమ్మ మందులను కూడా పాడుచేస్తుంది. వారానికి సరిపడా మాత్రలు అట్టలోనుండి తీసి డబ్బాలో పోసుకునే అలవాటు చాలామందికి ఉంది. తీరపు ఊళ్ళలో మాత్రలను వాడేవరకు అట్టలోనే ఉంచడం మేలు. ఆస్పిరిన్ మాత్రకు చెమ్మ తగిలితే వెనిగర్ వాసన వస్తుంది. అటువంటి మాత్ర వాడరాదు. ఆయాసానికి పీల్చే పొడి మందు గొట్టాలు మెత్తబడి, పొడి ఉండకట్టి, లోపలికి సరిగా వెళ్ళదు. షుగరు పరీక్ష చేసే స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంచితే అంకెలు తప్పుగా వస్తాయి. తప్పు అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువ వేస్తే ప్రాణానికే ప్రమాదం. వినికిడి యంత్రాన్ని రాత్రిపూట బ్యాటరీ తీసి, చెమ్మ పీల్చే గుళికల పొట్లంతో పాటు మూత ఉన్న డబ్బాలో ఉంచాలి. "నాన్నగారికి చెవులు పూర్తిగా పోయాయి" అనుకునేముందు యంత్రం పనిచేస్తున్నదో లేదో చూడండి. వినపడక పలకని మనిషిని మతిమరుపు మనిషి అనుకోవడం జరుగుతుంటుంది.

చెమట ఆరకపోవడం వలన చంకలలో, గజ్జలలో, రొమ్ముల కింద, కాలివేళ్ళ మధ్య ఒరిపిడి, తామర వస్తాయి. స్నానం తరువాత ఆ చోట్లు మెత్తని బట్టతో అద్ది ఆరబెట్టాలి. రాత్రిళ్ళు దురద ఎక్కువగా ఉండి, వేళ్ళ సందులలో, మణికట్టు దగ్గర పొక్కులు ఉంటే అది గజ్జి కావచ్చు. నలుగురు కలిసి ఉండేచోట అది ఒకరినుండి ఒకరికి అంటుతుంది. ఒక్కరికే మందు రాస్తే పోదు. డాక్టరు చెప్పిన విధంగా దగ్గరగా మసలేవారందరూ ఒకేసారి వాడాలి.

4. ఉక్కపోతలో నీరు, ఉప్పు

సముద్రపు గాలికి ఎండ అంతగా తెలియదు. ఉష్ణోగ్రత లోపలి జిల్లాలకంటే తక్కువగానే ఉండవచ్చు. కాని గాలిలో తేమ ఎక్కువ ఉన్నప్పుడు చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. పైగా వయస్సు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. రాత్రి పదేపదే లేవవలసి వస్తుందని కొందరు నీళ్ళు కావాలనే మానుకుంటారు. అందువలన "దాహం వేస్తే తాగుతారులే" అని వదిలివేయరాదు. వేళ ప్రకారం గ్లాసు చేతికి ఇవ్వాలి.

ఇక్కడ జాగ్రత్తగా అర్థం చేసుకోవలసిన విషయం ఒకటి ఉంది. బీపీకి, గుండె జబ్బుకు ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడేవారిలో చెమట, వాంతులు, విరేచనాలు తోడైతే రక్తంలో సోడియం తగ్గిపోవచ్చు. సోడియం సాధారణంగా 135 నుండి 145 మధ్య ఉంటుంది. అది బాగా తగ్గితే మనిషి మగతగా, తికమకగా మాట్లాడతాడు, తూలుతాడు, వికారం అంటాడు, మూర్ఛ కూడా రావచ్చు. ఒక వేసవిలో డెబ్బై దాటిన ఒక అమ్మను మా దగ్గరకు తీసుకువచ్చారు. రెండు రోజులుగా కోడలిని గుర్తుపట్టడం లేదు. "పెద్దతనం సిస్టర్, చాదస్తం వచ్చింది" అన్నారు తోడు వచ్చినవారు. ఆమెకు రెండు రోజుల క్రితం వరకు లెక్కలన్నీ సరిగా చెప్పే తెలివి ఉంది. పరీక్ష చేస్తే సోడియం బాగా తగ్గి ఉంది. డాక్టరుగారు నెమ్మదిగా సరిచేసిన తరువాత నాలుగవ రోజున కోడలిని పేరుపెట్టి పిలిచి కాఫీ అడిగింది.

ఈ పాఠం మొత్తంలో ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకోదలిస్తే ఇది గుర్తుపెట్టుకోండి: గంటలలోనో, రెండు మూడు రోజులలోనో వచ్చిన తికమక ముసలితనం కాదు, అది జబ్బు. సోడియం తగ్గడం, షుగరు పడిపోవడం, మూత్రంలో ఇన్‌ఫెక్షను, న్యుమోనియా, తలకు దెబ్బ, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఏదైనా కారణం కావచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించాలి.

మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్ళు మంచివే. అయితే గుండె బలహీనంగా ఉన్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు రోజుకు ఎంత నీరు తాగాలో, కొబ్బరినీళ్ళు తాగవచ్చో లేదో డాక్టరును అడిగి రాయించుకోవాలి. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. తీరంలో ఎండుచేపలు, ఉప్పుచేప, ఊరగాయ, అప్పడాలు ఇష్టంగా తింటాము. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అది సుమారు ఒక టీస్పూను. ఒక చిన్న ఎండుచేప ముక్కతోనే అందులో చాలా భాగం అయిపోతుంది. గుండె జబ్బు ఉన్నవారు రోజూ ఉదయం మూత్రవిసర్జన తరువాత బరువు చూసుకుని రాసుకోవాలి. మూడు రోజులలో 2 కిలోలు పెరిగినా, కాళ్ళు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా వెంటనే కబురు చేయాలి.

5. ఇసుకలో నడక

నడక మంచిది. మెత్తని ఇసుకలో నడక మాత్రం మోకాళ్ళ నొప్పులు, తూలు ఉన్నవారికి కష్టం. తడిసి గట్టిపడిన ఇసుక మీద కూడా ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలు ఎత్తులో, ఒక కాలు పల్లంలో పడుతుంది. సిమెంటు బాట ఉంటే దాని మీద నడవడం మేలు. ఉదయం ఎండ ముదరకముందు, ఒకరి తోడుతో, వెనుక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుని నడవాలి.

షుగరు ఉన్నవారు ఇసుకలో వట్టికాళ్ళతో నడవరాదు. పాదాలకు స్పర్శ తగ్గి ఉంటే గవ్వ గుచ్చుకున్నా, ఇసుక కాలినా తెలియదు. మనుమలతో బీచికి వెళ్ళి చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన ఒక పెద్దాయనకు అరికాళ్ళ నిండా బొబ్బలు వచ్చాయి. రాత్రి దుప్పటికి తడి అంటితే గాని ఆయనకు తెలియలేదు. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. కాలికి పుండు, గీత ఉన్నప్పుడు సముద్రపు నీటిలో దిగవద్దు. షుగరు, కాలేయపు జబ్బు ఉన్నవారికి ఆ నీటిలోని కొన్ని సూక్ష్మజీవుల వలన తీవ్రమైన ఇన్‌ఫెక్షను రావచ్చు. మోకాలి లోతు నీరే కదా అని నిలబడితే వెనక్కి వెళ్ళే అల కాళ్ళ కింద ఇసుకను లాగివేస్తుంది. పెద్దవారు పడిపోవడానికి అది చాలు.

6. తుఫాను కాలం

బంగాళాఖాతంలో తుఫానులు ఎక్కువగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు, మళ్ళీ వేసవిలో మే నెల ప్రాంతంలో వస్తాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని తీసుకుపోయింది. 2004 డిసెంబరు 26న సునామీ మన తీరాన్ని కూడా తాకింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. ఈనాడు హెచ్చరికలు ముందుగా వస్తున్నాయి. కాని హెచ్చరిక విని కదలలేని పెద్దలను కదిలించేది మనుష్యులే.

హుద్‌హుద్ తరువాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, పాలకు, నీళ్ళకు జనం వెదుక్కున్నారు. లిఫ్టు ఆగిపోతే మూడవ అంతస్తులో ఉన్న మోకాళ్ళ నొప్పుల మనిషి అక్కడే ఉండిపోవాలి. మోటారు తిరగకపోతే పైకి నీరు ఎక్కదు. కనుక నివాసం నడిపేవారిని ఈ సంగతులు అడగండి: జనరేటరు ఉందా, ఎన్ని గంటలకు డీజిలు నిలువ ఉంటుంది, నడవలేని వారిని ఏ గదికి, ఏ ఊరికి తరలిస్తారు, ఏ వాహనంలో తరలిస్తారు, తుఫాను రాత్రి ఏ సిబ్బంది ఉంటారు? ఆయాలకు కూడా ఇళ్ళు, పిల్లలు ఉంటారు. వారి కుటుంబాలకు చోటు చూపించే నివాసంలోనే ఆ రాత్రి సిబ్బంది నిలుస్తారు.

ప్రతి పెద్దవారి దగ్గర తుఫాను కాలమంతా సిద్ధంగా ఉండవలసిన సంచి:

– పది రోజుల మందులు, డాక్టరు చీటీ నకలు.
– పేరు, వయస్సు, జబ్బులు, పడని మందులు, ఇద్దరు బంధువుల ఫోను నంబర్లు రాసిన కాగితం. ఇవి ప్లాస్టిక్ కవరులో ఉండాలి.
– ఆధార్ కార్డు నకలు, ఆరోగ్య కార్డు, కొంత చిల్లర డబ్బు.
– టార్చిలైటు, అదనపు కళ్ళజోడు, కట్టుడు పళ్ళ డబ్బా, వినికిడి యంత్రపు బ్యాటరీలు.
– ఒక జత బట్టలు, వేసుకునే డైపర్లు, బిస్కట్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, నీళ్ళ సీసా.

ఇన్సులిన్ వాడేవారు గమనించండి. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసా 30 డిగ్రీలు దాటకుండా సుమారు నాలుగు వారాలు బయట ఉండవచ్చు. ఖచ్చితమైన రోజులు పెట్టె మీద చూసుకోవాలి. కరెంటు లేనప్పుడు తడి ఇసుకలో పెట్టిన మట్టికుండ ఉపయోగపడుతుంది. అయితే ఉక్కగా ఉన్న రోజున కుండ అంతగా చల్లబడదు. ఐసు పెట్టెలో పెడితే సీసా ఐసుకు తగలకుండా గుడ్డ చుట్టాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. కరెంటుతో నడిచే ఆక్సిజన్ యంత్రం వాడేవారు, డయాలసిస్ చేయించుకునేవారు తుఫాను రాకముందే ఆసుపత్రి ఉన్న ఊరికి వెళ్ళిపోవాలి. ఈదురుగాలి ఒక్కసారిగా ఆగిపోతే తుఫాను వెళ్ళిపోయిందని బయటకు రాకండి. అది తుఫాను కన్ను కావచ్చు. కొద్దిసేపటికి గాలి ఎదురుదిక్కు నుండి మళ్ళీ వీస్తుంది.

7. చూడబోయినప్పుడు ఆ ఒక్క గంట

చాలామంది ముందు గదిలో కూర్చుని, తెచ్చిన పండ్లు, స్వీట్లు ఇచ్చి, ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. "బాగానే ఉన్నాను బాబూ, నా గురించి బెంగ పెట్టుకోకు" అంటారు పెద్దవారు. పిల్లలకు భారం కాకూడదని నొప్పిని దాచుకోవడం మన పెద్దల అలవాటు. అందుచేత అడగడంతో పాటు చూడడం కూడా నేర్చుకోవాలి. మేము వార్డులో కొత్త నర్సులకు నేర్పే పద్ధతే ఇది. మీరూ చేయవచ్చు.

మొదట గదికి వెళ్ళండి. మంచం మీద తడి, వాసన ఉన్నాయా? నీళ్ళ గ్లాసు చేతికి అందేచోట ఉందా? కళ్ళజోడు శుభ్రంగా ఉందా? స్నానాలగదిలో కాలు పెట్టి చూడండి.

తరువాత నడిపించండి. కుర్చీలోనుండి చేతులు ఆనించకుండా లేవగలుగుతున్నారా, లేవగానే తూలుతున్నారా చూడండి. బీపీ మిషను ఉంటే పడుకోబెట్టి ఒకసారి, నిలబడిన మూడు నిమిషాలలోపు ఒకసారి చూడండి. పై అంకె 20 లేదా అంతకుమించి తగ్గితే డాక్టరుకు చెప్పాలి. నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు కూడా తూలుకు కారణం.

మంచం పట్టినవారైతే మడమలు, తుంటి, నడుము కింది భాగం చూడండి. అక్కడ ఎర్రబడి, నొక్కినా ఆ ఎరుపు పోకపోతే పడకపుండుకు అది మొదలు. కనీసం రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. "ఎప్పుడు పక్క మార్చారు?" అని ఆయాను మర్యాదగా అడగండి. గద్దించవద్దు. మీరు వెళ్ళిపోయిన తరువాత మీ అమ్మ దగ్గర ఉండేది ఆమే. ఆమె పేరు తెలుసుకోండి, ఆమె పిల్లల గురించి అడగండి, మంచి పని కనిపిస్తే పైవారికి చెప్పండి.

భోజనం వేళకు వెళ్ళి పక్కన కూర్చుని తినండి. మింగడం కష్టమవుతున్నదా, దగ్గు వస్తున్నదా, ఎంత తిన్నారు అనేవి తెలుస్తాయి. గోళ్ళు, పాదాలు, నోరు చూడండి. మాత్రల అట్టలు లెక్కపెట్టండి. బరువు రాసి పెట్టండి. పోయినసారి కంటే జాకెట్టు వదులైతే అది కూడా ఒక లెక్కే.

చివరగా ఒంటరిగా మాట్లాడండి. సిబ్బంది వినని చోట, తొందర లేకుండా. "ఇక్కడ నీకు స్నేహితులు ఎవరు? రాత్రి భయం వేస్తున్నదా? ఎవరైనా కసిరారా? డబ్బు ఎవరైనా అడిగారా?" అని అడగండి. జవాబు రావడానికి సమయం ఇవ్వండి. ఒకే రోజు, ఒకే వేళకు కాకుండా వేరువేరు వేళలలో వెళ్ళండి. పండుగకు ఒక రోజు ఇంటికి తీసుకువెళ్ళండి. జ్వరం, జలుబు ఉన్నప్పుడు మాత్రం వెళ్ళవద్దు. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టరును అడిగి వేయించండి.

దూరదేశంలో ఉన్న పిల్లలు వీడియో ఫోనులో ముఖం మాత్రమే చూస్తారు. నాలుగు అడుగులు నడిచి చూపించమనండి, పాదాలు చూపించమనండి. ఆ ఊరిలోనే ఉండి వెంటనే రాగలిగిన ఒక బంధువునో, స్నేహితుడినో పెట్టుకోండి. ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే నిర్ణయం చెప్పవలసినది ఎవరో, ఖర్చు ఎక్కడినుండి కట్టాలో రాసి నివాసంలో ఇవ్వండి. చివరి రోజులలో ఎటువంటి వైద్యం కావాలో, వద్దో పెద్దవారు తెలివిగా ఉన్నప్పుడే అడిగి తెలుసుకోండి. అది అడగడం అపశకునం కాదు, గౌరవం.

8. పెద్దల హక్కులు

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం 60 ఏళ్ళు నిండిన, తమను తాము పోషించుకోలేని పెద్దలు పిల్లలనుండి పోషణ కోరవచ్చు. మన రాష్ట్రంలో ఆర్డీఓ స్థాయి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవాలి. చూసుకుంటారనే షరతు మీద ఆస్తి రాసి ఇచ్చిన తరువాత చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయమని కోరే వీలు కూడా ఉంది. పెద్దలను ఎక్కడైనా వదిలివేసి వెళ్ళడం ఆ చట్టం ప్రకారం నేరం. వృద్ధుల సహాయ ఫోను 14567. ఉదయం 8 నుండి రాత్రి 8 వరకు పలుకుతుంది. 2024 అక్టోబరు నుండి 70 ఏళ్ళు, ఆపైన ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యం కల్పించారు. నివాసంలో ఉన్న పెద్దలకు ఆ కార్డు ఉందో లేదో అడగండి.

9. వెంటనే 108కి ఫోను చేయవలసినవి

మూతి వంకరపోవడం, చేయి కాలు పడిపోవడం, మాట తడబడడం, ఛాతీలో నొప్పి, చెమటలు, ఊపిరి ఆడకపోవడం, పడిన తరువాత లేవలేకపోవడం, కాలు పొట్టిగా, పక్కకు తిరిగి కనిపించడం, రక్తం పలచబడే మందులు వాడేవారికి తలకు దెబ్బ తగలడం, ఒళ్ళు కాలిపోతూ స్పృహ తప్పడం. స్పృహ లేనివారి నోటిలో నీళ్ళు పోయవద్దు. నొప్పితో పడి ఉన్నవారిని చంకల కింద పట్టి లేపవద్దు.

ఇంటిలో కలిసి చర్చించవలసిన ప్రశ్నలు

1. మన ఇంటి పెద్దవారు ఎక్కడ ఉండాలని కోరుకుంటున్నారు? వారిని మనం అడిగామా?
2. వారు వాడే మందుల పట్టిక మనలో ఎంతమంది దగ్గర ఉంది?
3. ఈ రాత్రి వారికి ఒంట్లో బాగుండకపోతే మొదట వెళ్ళేది ఎవరు? ఎన్ని నిమిషాలు పడుతుంది?
4. పోయినసారి చూడబోయినప్పుడు వారి పాదాలు చూశామా?

నాలుగవ ప్రశ్నకు "లేదు" అన్నవారు వచ్చే ఆదివారం వెళ్ళినప్పుడు ఒక చిన్న పని చేయండి. గోరువెచ్చని నీళ్ళు తెప్పించి, మీ చేతితోనే మునివేళ్ళ వేడి చూసుకుని, పెద్దవారి పాదాలు కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడిచి, గోళ్ళు తీయండి. పావుగంట పట్టదు. పుండు ఉంటే కనిపిస్తుంది, వాపు ఉంటే తెలుస్తుంది. ఎవరికీ చెప్పని మాట ఏదైనా ఉంటే ఆ సమయంలోనే బయటకు వస్తుంది.